గోల్కొండలో కడప బండ

మా పాత మిద్దెను 1976 వేసవిలో కూల్చారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ప్రొద్దుటూరుకు కొద్ది దూరంలో ఉన్న మా ఊళ్ళో ఆ నాటికి దాదాపు అందరివీ మట్టి మిద్దెలే. రెండడుగుల మందం రాతిగోడలు, వాటిమీద వేపమాను దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలు, బండల మీద జానెడుకు పైగా మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు తడిస్తే బిగుసుకుపోయి వాననీటిని కిందికి దిగనివ్వదు కనుక, ఏటా తొలకరికి ముందు బండ్లతో తోలించి మిద్దె మీద పరిచేవారు. నడింట్లో వెలుతురుకూ పొగ పోవడానికీ పైకప్పులో ఒక గవాచి ఉండేది. వాన చినుకు పడగానే మిద్దె ఎక్కి దానిమీద మూత పెట్టే పని మా అన్నదమ్ములది. ఇంట్లో నేలంతా జమ్మలమడుగు వైపు నుంచి తెచ్చిన నల్లని నాపబండలు. వాటిలో ఒకదానిమీద నేనూ మా అన్నా మేకుతో పులిజూదం గీతలు గీసి, అందుకు మా నాయన చేత దెబ్బలు తిన్నాము. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండ మీద బోర్లా పడుకుని చింతగింజలతో ఆడుకుంటుంటే పొట్టకు తగిలే చల్లదనం ఇప్పటికీ నాకు గుర్తుంది.

మా నాయన బడిపంతులు. ఊళ్ళో మొదటి సిమెంటు ఇల్లు తనదే కావాలని ఆయనకు ఉండేది. దానిని తప్పు పట్టలేను. ఏటా చౌడు తోలించడం, చెదలు తిన్న దంతెలు మార్చడం, పైకప్పు నుంచి తేళ్ళు రాలడం అనుభవించినవారికి మట్టి మిద్దె మీద కవిత్వం రాదు. కొత్త ఇల్లు ఆరు నెలల్లో లేచింది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, నాలుగున్నర అంగుళాల కాంక్రీటు కప్పు, లోపలా బయటా సిమెంటు పూత, దానిమీద లేత నీలం రంగు. మరుసటి ఏప్రిల్ వచ్చేదాకా మేమంతా ఎంతో సంతోషంగా ఉన్నాము. పగలంతా ఎండను తాగిన ఆ కప్పు రాత్రి తొమ్మిదింటికి ఆ వేడిని మా మీదికి వదలడం మొదలుపెట్టేది. సాయంత్రం మిద్దె మీద ఇరవై బిందెల నీళ్ళు చల్లితే పైన పడుకోవడానికి వీలయ్యేది గాని, లోపల మాత్రం కాదు. మా జేజి, అంటే నాయనమ్మ, ఆ ఇంట్లో ఒక్క వేసవి రాత్రి కూడా పడుకోలేదు. వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని, "మీ నాయన ఇల్లు కట్టలేదు అబ్బోడా, బట్టీ కట్టినాడు" అనేది. పాత ఇంటి బండలను అమ్మనివ్వకుండా ఆ చెట్టు కిందే పేర్పించి పెట్టుకున్నది కూడా ఆమే.

1981లో హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదువుకు చేరాను. మా తరగతి గోడల నిండా చండీగఢ్ ఫోటోలు ఉండేవి. పూత లేని కాంక్రీటును, చెక్క అచ్చుల గీతలు కూడా చెరపకుండా అలాగే వదిలేసిన ఆ కట్టడాలను చూసి మేమంతా పరవశించేవాళ్ళం. చండీగఢ్ రూపకర్త కార్బుసియే అహ్మదాబాదులో సారాభాయ్ కుటుంబానికి కట్టిన ఇంటిలోని ఇటుక కమానులను నకలు గీయని విద్యార్థి మాలో లేడు. అయితే నాకు లోలోపల ఒక అనుమానం ఉండేది. కాంక్రీటు కప్పు కింద పడుకోవడం ఎలా ఉంటుందో మా తరగతిలో నాకంత బాగా తెలిసినవారు తక్కువ. ఎండ దేశంలో కాంక్రీటు ఇంటిని పొగడడం ఎండ తగలనివారు చేసే పని అని అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాట పైకి అంటే మా అధ్యాపకులు ఒకరు నవ్వి, "అయితే సెలవుల్లో పాండిచ్చేరి వెళ్ళి గోల్కొండ చూసి రా" అన్నారు. ఆదివారాలు సైకిలు మీద వెళ్ళి చూసే గోల్కొండ కోట తప్ప ఇంకొక గోల్కొండ ఉందని నేను వినడం అదే మొదలు.

1984 మే నెలలో వెళ్ళాను. మేలో వెళ్ళడం తెలివితక్కువ పనే అయినా, ఆ కట్టడాన్ని పరీక్షించడానికి అంతకన్నా మంచి నెల లేదు. అది శ్రీ అరవిందాశ్రమానికి చెందిన వసతి గృహం. ముందుగా అనుమతి తీసుకోవాలి, లోపల మాట్లాడకూడదు, ఫోటోలు తీయకూడదు. నన్ను వెంటబెట్టుకుని తిప్పిన వృద్ధ సాధకురాలు ఒడిశా ఆవిడ. ఆమె నాకు చూపించినదంతా చేతి సైగలతోనే చూపించారు. వీధిలో నుంచి చూస్తే పెద్దగా ఏమీ కనబడదు. గోడ దాటి తోటలోకి అడుగు పెట్టాక, బూడిదరంగు కాంక్రీటు చట్రంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా, కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా, అడ్డంగా పరచిన పలకలే కనిపించాయి. కిటికీలు లేవు, అద్దాలు లేవు. ఆ ముఖభాగమంతా ఒకే పెద్ద కిటికీ. మేము బడిలో చేసుకునే తాటాకు విసనకర్రను నిలువునా నిలబెట్టి చీల్చినట్టుగా ఉంది అనుకున్నాను.

దాని చరిత్ర తరువాత చదివి తెలుసుకున్నాను. చెక్ దేశంలో పుట్టి, ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసి, టోక్యో ఇంపీరియల్ హోటలు నిర్మాణం కోసం జపాను వెళ్ళి అక్కడే స్థిరపడిన ఆంటొనిన్ రేమండ్ దాని రూపకర్త. 1937లో పని మొదలైంది. రేమండ్ తన టోక్యో కార్యాలయం నుంచి జార్జ్ నకషిమా అనే జపనీస్ అమెరికన్ యువకుణ్ణి పంపించాడు. కార్బుసియే దగ్గర పనిచేసిన ఫ్రాంటిసెక్ సామర్ అనే మరో చెక్ వాస్తుశిల్పి కూడా వచ్చి చేరాడు. నకషిమా ఆశ్రమంలో చేరి సుందరానంద అనే పేరు పొందాడు. అమెరికా తిరిగి వెళ్ళాక కొయ్య సామాను చేయడంలో లోకప్రసిద్ధుడయ్యాడు. ఇక పేరు సంగతి. ఈ నిర్మాణానికి హైదరాబాదు ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం వచ్చింది. ఆ కృతజ్ఞతతో ఆశ్రమ నిర్వాహకురాలు శ్రీమాత దానికి గోల్కొండ అని పేరు పెట్టారు. అప్పటికి పాండిచ్చేరి ఫ్రెంచివారిది, హైదరాబాదు నిజాముది, కట్టినవారు ముగ్గురూ మూడు దేశాలు తిరిగినవారు. చండీగఢ్ అనే మాట పుట్టడానికి కొన్నేళ్ళ ముందే, పూత లేని కాంక్రీటుతో మన ఎండకు తగిన ఇల్లు ఇక్కడ లేచింది. మా తరగతి గోడ మీద దాని ఫోటో ఒక్కటీ లేకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

లోపలికి వెళ్ళే ముందు చెప్పులు విప్పమన్నారు. విప్పి, మెట్లెక్కి, మొదటి అడుగు వేశాను. ఎనిమిదేళ్ళుగా నా అరికాలికి తగలని చల్లదనం అది. కిందికి చూస్తే నల్లని బండ. అది కడప బండ అని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అయినా అడిగాను, నియమం మరిచి పైకే అడిగాను. ఆమె పెదవులపై వేలుంచి, తల ఊపి, తరువాత తోటలోకి వచ్చాక చిన్న గొంతుతో "కడ్డప్పా" అన్నారు. మా ఊరి వేపచెట్టు కింద పక్షుల రెట్టల మధ్య పేర్చి ఉన్న బండలు ఇక్కడ అద్దంలా మెరుస్తున్నాయి. వాటిని రోజూ తుడిచేవారు కూడా పూజ చేస్తున్నంత శ్రద్ధగా తుడుస్తున్నారు.

నేను ఆ మధ్యాహ్నమంతా ఒక వసారా మూలన కూర్చుని గమనించాను. కట్టడం పొడవు తూర్పు పడమరలుగా సాగుతుంది కాబట్టి, పొద్దుటి ఎండా సాయంకాలపు ఎండా తగిలేది ఇరుకైన కొసలకే. గదులన్నీ దక్షిణపు వైపు ఒకే వరుసలో ఉన్నాయి, ఉత్తరాన పొడవాటి నడవా. దక్షిణపు గాలి పలకల సందుల్లో నుంచి గదిలోకి వచ్చి, నడవా వైపున ఉన్న టేకు తలుపుల గుండా బయటికి పోతుంది. ఆ టేకు తలుపులు పక్కకు జరిపేవి. వాటి చెక్కలను ఎడంగా, ఒక వరుస సందుకు మరో వరుస చెక్క అడ్డువచ్చేలా బిగించారు. మూసినా లోపలి మనిషి బయటికి కనబడడు, గాలి మాత్రం ఆగదు. ముఖభాగపు పలకలను ఒక పిడి తిప్పితే వాలుగా, అడ్డంగా, నిలువుగా మార్చుకోవచ్చు. అవి ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు. దాని హాని నేడు తెలుసు కనుక ఇప్పుడు వాడకూడదు. పిడులూ బందులూ ఇత్తడివి. భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరిగించి అక్కడికక్కడే పోత పోశారట. ఎవరి ఇంటి చెంబో ఇప్పుడు ఎవరి గదికో గాలిని తెరుస్తోందన్న మాట.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది కప్పు. మా నాయన కట్టించిన దానిలా అది ఎండకు నేరుగా వీపు చూపించలేదు. చదునైన కాంక్రీటు కప్పు మీద, కొద్దిగా ఎడమిచ్చి, వంపు తిరిగిన కాంక్రీటు పెంకులను వరుసగా బోర్లించారు. ఎండ కాచేది పెంకుల మీద, వాటి కింద గాలి ఆడుతుంది, అసలు కప్పు ఆ నీడలో ఉంటుంది. కాంక్రీటుకు కాంక్రీటుతోనే గొడుగు పట్టారు. అంటే మా బట్టీకి కారణం కాంక్రీటు కాదని, దానిని నగ్నంగా ఎండలో నిలబెట్టడమేనని ఆ రోజు నాకు అర్థమైంది. పూత పూయకుండా వదిలేయడమే ఆధునికత అని మేము తరగతిలో అనుకునేవాళ్ళం. ఇక్కడ పూత లేకపోవడం చిట్టచివరి సంగతి. దానికి ముందు దిక్కు, గాలి, నీడ అనే మూడు లెక్కలూ పూర్తయ్యాయి.

మరుసటి ఏడాది తిరువనంతపురం వెళ్ళి లారీ బేకర్ కట్టడాలు చూశాను. 1945లో కుష్ఠురోగుల సేవకని భారతదేశం వచ్చి, హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో చాలా ఏళ్ళు గడిపి, తరువాత కేరళలో స్థిరపడిన ఆ బర్మింగ్‌హామ్ మనిషి గురించి తెలుగులో చాలామంది రాశారు కనుక ఎక్కువ చెప్పను. ఉళ్ళూరులోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణలో తిరుగుతూ రెండు విద్యలు నోట్‌బుక్కులో గీసుకున్నాను. ఒకటి, ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వచ్చేలా కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతి. దీనివల్ల నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, మధ్యలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. రెండోది, కప్పులో కింది సగంలోని కాంక్రీటు బరువు మోయడంలో పెద్దగా పాల్గొనదు కనుక, కడ్డీల నడుమ మంగుళూరు పెంకులు పెట్టి ఆ మేరకు సిమెంటు తగ్గించే ఫిల్లర్ కప్పు. రేమండ్ కట్టడం చూస్తే భక్తి కలుగుతుంది, బేకర్ కట్టడం చూస్తే రేపే ఇల్లు మొదలుపెట్టాలనిపిస్తుంది. అది నా అభిప్రాయం.

నాకు ఆ అవకాశం 1993లో వచ్చింది. నాయన పదవీ విరమణ చేశారు, ప్రొద్దుటూరు అంచున ఐదు సెంట్ల స్థలం కొన్నారు, ఇల్లు నన్ను గీయమన్నారు. తూర్పు వాకిలి కావాలన్నది ఆయన వాస్తు, దక్షిణానికీ ఉత్తరానికీ పొడవాటి గోడలు కావాలన్నది నా వాస్తు. రెండూ గొడవ పడకుండా కలిసిపోయాయి. పూత లేని ఇటుక గోడ, పెంకులు పొదిగిన కప్పు, కడప బండ నేల. గూళ్ళూ, వంటగట్టూ, కిటికీల మీది ఛజ్జాలూ కూడా బండలే.

మా మేస్త్రీకి యాభై ఏళ్ళు దాటాయి. నిలబెట్టిన ఇటుకలతో గోడ కట్టడమంటే ఆయనకు అవమానంగా తోచింది. "డొల్ల గోడ కట్టించినానని రేపు నన్ను తిడతారు సామీ" అని రెండు రోజులు పనికి రాలేదు. ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. ఈ పద్ధతికి ఇటుకలన్నీ ఒకే కొలతలో, సూటి అంచులతో ఉండాలి. మా వైపు బట్టీల ఇటుకలు ఒకదానికొకటి పాలివాళ్ళలా పొసగవు. చివరకు మూడు బట్టీల నుంచి ఏరి తెచ్చిన వాటిలోనూ మూడో వంతు పక్కన పెట్టవలసి వచ్చింది. నాలుగో వంతు ఇటుకలు మిగిల్చే పద్ధతిలో మూడో వంతు పారవేసిన ఘనత నాది. గోడలు లేచాక దారిన పోయేవారు ఆగి, "ఏం అయ్యవారూ, పింఛను డబ్బులు చాల్లేదా? గోడలకు గార పూయించలేదే!" అని మా నాయనను అడిగేవారు. మొదట్లో ఆయన నా చదువు గురించి వివరించేవారు. నెల తరువాత, "చాల్లేదప్పా" అని ఊరుకోవడం నేర్చుకున్నారు.

అసలు తప్పు నేను వేరే చోట చేశాను. గోల్కొండ ముఖభాగం నా కళ్ళలో అలాగే ఉంది. తిరిగే పలకలకు డబ్బు లేదు కనుక, దక్షిణపు గోడలో సన్నగా కోయించిన బండలను వాలుగా బిగించి కదలని పలకలు చేయించాను. పడమటి వసారాకు ఇటుక జాలీ పెట్టించాను. గృహప్రవేశం జనవరిలో జరిగింది, వచ్చినవారంతా గాలి బాగా ఆడుతోందని మెచ్చుకున్నారు. ఏప్రిల్ మూడో వారంలో వడగాలి మొదలైంది. పాండిచ్చేరిలో మధ్యాహ్నం వచ్చేది సముద్రపు గాలి, ప్రొద్దుటూరులో వచ్చేది పెనం మీది గాలి. ఆ పలకల సందుల్లో నుంచి, జాలీ కన్నాల్లో నుంచి, ఎర్రమట్టి దుమ్ముతో సహా అది ఇల్లంతా తిరిగింది. మూయడానికి నేను ఏమీ మిగల్చలేదు. హైదరాబాదు నుంచి నేను వచ్చేసరికి అమ్మ దక్షిణపు గోడ మొత్తానికి పాత దుప్పట్లు కట్టి ఉంది. ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తూ, "మీ జేజి తొమ్మిదింటికి తలుపులేసి, పొద్దు గూకినాక తీసేది, గుర్తుందా?" అని మాత్రం అడిగింది.

గుర్తుంది. దానిని నేను ముసలివాళ్ళ అలవాటు అనుకున్నాను గాని, లెక్క అనుకోలేదు. సముద్రతీరంలో రాత్రికీ పగటికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. అందువల్ల అక్కడ ఇల్లు ఎప్పుడూ తెరిచి ఉండాలి, నీడ తప్ప గోడ అక్కరలేదు. సీమలో గాలి పొడిది. పగలు నిప్పులు చెరిగినా రాత్రి చల్లబడుతుంది. ఇక్కడ మందపు గోడ పగటి వేడిని లోపలికి రానివ్వకుండా సాయంత్రం దాకా ఆపాలి, రాత్రి తలుపులన్నీ తెరిచి దానిని చల్లార్చాలి. మా జేజి రెండడుగుల గోడా, జానెడు మట్టి కప్పూ, తొమ్మిది గంటల తలుపూ కలిసి చేసిన పని అదే. నేను గోల్కొండ నుంచి రూపం తెచ్చుకుని, అక్కడి వాతావరణాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

దిద్దుబాటు అమ్మతోనే మొదలైంది. పడమటి జాలీకి వట్టివేళ్ళ తడికలు కట్టించి, మధ్యాహ్నం గంటకొకసారి చెంబుతో నీళ్ళు చల్లింది. పొడి వడగాలి ఆ తడిలో నుంచి వచ్చేసరికి చల్లబడి, వట్టివేళ్ళ వాసనతో వసారాలోకి వచ్చేది. తేమగా ఉండే పాండిచ్చేరిలో ఈ ఉపాయం అంతగా పారదు. ఇక్కడ మాత్రం నేను పొరపాటున పెట్టిన కన్నాలే దానికి పనికివచ్చాయి. అయితే వేసవిలో కుళాయికి రెండు రోజులకొకసారి నీళ్ళు వచ్చే ఊళ్ళో రోజుకు ఆరు బిందెలు గోడకు పోయడం ఎంతకాలం సాగుతుంది? తరువాతి ఏడాది దక్షిణపు పలకల లోపలి వైపున వేపచెక్క తలుపులు పెట్టించాను. అవి తొమ్మిదింటికి మూసుకుంటాయి, పొద్దు గూకాక తెరుచుకుంటాయి. కప్పు మీద పగిలిన మంగుళూరు పెంకులను బోర్లించి నీడ కల్పించాము. అది గోల్కొండ దగ్గర నేర్చిన పాఠం, అది మాత్రం మా ఊళ్ళోనూ తప్పలేదు.

జేజి ఆ ఇల్లు చూడలేదు. కానీ ఆమె వేపచెట్టు కింద దాచిన బండలు పదిహేడేళ్ళ తరువాత ఆ ఇంటికే వచ్చాయి. రెండు ట్రాక్టర్లలో తోలించి, తూర్పు వసారాకు పరిపించాము. పులిజూదం గీసిన బండను గడప పక్కనే వేయమని మేస్త్రీకి చెప్పి, పని మీద హైదరాబాదు వెళ్ళాను. వారం తరువాత వచ్చి చూస్తే గీతలు ఎక్కడా కనబడలేదు. అడిగితే ఆయన ఎంతో గర్వంగా, "గీతలు పడిన మొగం కిందికేసి బాగుండే మొగం పైకేసినాను సామీ" అన్నాడు. అప్పటికే సందుల్లో సిమెంటు ఆరిపోయింది. గడపకు కుడివైపు రెండో బండ అది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండే మా అన్న మనవడు, వేసవి మధ్యాహ్నాల్లో సెల్‌ఫోను పట్టుకుని సరిగ్గా దానిమీదే బోర్లా పడుకుంటాడు.